డాక్టర్ సీటుకు ముందు బయోమెడికల్ మాస్టర్స్: ఎవరు చేయాలి, ఎట్ల అప్లై చేయాలి, చేరినాక ఎట్ల నిలబడాలి

పోయిన డిసెంబర్లో సెలవులకి తిరుపతి వచ్చినప్పుడు బైరాగిపట్టెడలో మా అమ్మమ్మ ఇంటికి మా నాన్న చిన్ననాటి స్నేహితుడొకాయన ఫైలు పట్టుకుని వచ్చినాడు. వాళ్ళబ్బాయి ఇక్కడే బీఎస్సీ బయోటెక్నాలజీ చేసినాడు, నీట్ రెండుసార్లు రాసినా సీటు రాలేదు, ఒక కన్సల్టెన్సీ వాళ్ళేమో అమెరికాలో ఒక ఏడాది బయోమెడికల్ సైన్స్ మాస్టర్స్ చేస్తే అక్కడే ఎండీలో చేరిపోవచ్చు అని చెప్పినారంట, ఆఫర్ లెటర్ కూడా వచ్చేసింది, రేణిగుంట రోడ్డులో ఉన్న సైటు బ్యాంకులో పెట్టి లోన్ తీయాలని చూస్తా ఉన్నారు. "నువ్వు చేసింది ఆ కోర్సే కదా పాపా, ఒకసారి చూసి చెప్పు" అన్నాడు. ఆయనకి ఆ రోజు గంటన్నర సేపు చెప్పిందీ, టైం చాలక చెప్పలేకపోయిందీ కలిపి ఇక్కడ రాస్తా ఉన్నా.

నేను పుట్టింది తిరుపతిలోనే, 13 ఏళ్ళప్పుడు అమ్మానాన్నలతో న్యూజెర్సీ పోయినా, డిగ్రీ అక్కడే, జీపీఏ నాలుగుకి 3.21. ఆ మార్కులతో మెడికల్ సీటు కష్టమని తెలిసి ఒక ఏడాది మాస్టర్స్ చేసినా, ఇప్పుడు మెడికల్ స్కూల్లో రెండో ఏడాది.

ముందు ఈ కోర్సు ఏంటో చెప్తా. మన దగ్గర ఇంటర్ అయినాక నీట్ రాసి ఎంబీబీఎస్‌లో చేరతారు, అమెరికాలో అట్ల కాదు, నాలుగేళ్ళ డిగ్రీ అయినాక ఎంక్యాట్ అనే ఎంట్రన్స్ రాసి మెడికల్ స్కూల్‌కి అప్లై చేయాలి, అక్కడ ఎండీ అంటే మన ఎంబీబీఎస్ లాంటి మొదటి డాక్టర్ డిగ్రీయే, మన పీజీ ఎండీ కాదు. డిగ్రీలో మార్కులు తగ్గినవాళ్ళు, నేను మెడికల్ స్కూల్ చదువు తట్టుకోగలను అని నిరూపించుకోవడానికి చేసేదే ఈ మాస్టర్స్. స్పెషల్ మాస్టర్స్ ప్రోగ్రామ్ అంటారు, పిల్లలు ఎస్‌ఎంపీ అంటారు. జార్జ్‌టౌన్‌లో 1975 నుంచి నడుస్తా ఉంది, బోస్టన్ యూనివర్సిటీ, టఫ్ట్స్, డ్రెక్సెల్, రట్గర్స్ ఇట్ల చాలా చోట్ల ఉన్నాయి, పేర్లు వేరేవేరేగా ఉంటాయి. కొన్నిట్లో మెడికల్ ఫస్టియర్ వాళ్ళ క్లాసుల్లోనే కూర్చోబెట్టి అదే పరీక్ష పెడతారు. నా లెక్కలో ఇది రిపేరు కోర్సు. ఏం చెడిపోయిందో తెలియకుండా రిపేరుకి డబ్బులు కడితే ఏం లాభం, అందుకే ముందు అది చూసుకోవాలి.

అంతకంటే ముందు ఇంకొకటి, అసలు మెడికల్ స్కూల్‌కి అప్లై చేసే దారి మీకు ఉందా అనేది. ఆ అంకుల్‌తో నేను ఎక్కువసేపు మాట్లాడింది దీని గురించే. ఎఫ్-1 అంటే స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళని చూసే మెడికల్ స్కూళ్ళు అమెరికాలో తక్కువ, చూసేవాళ్ళలో కూడా కొందరు ఒక ఏడాది నుంచి నాలుగేళ్ళ ఫీజు దాకా ముందే ఎస్క్రో అకౌంట్లో, అంటే ఫీజుకి తప్ప ఇంక దేనికీ తీయలేని అకౌంట్లో, పెట్టి చూపించమంటారు. పైగా ఎండీ స్కూళ్ళకి అప్లికేషన్ పోయే ఏఎంక్యాస్, ఇండియాలో చదివిన డిగ్రీ మార్కుల్ని వెరిఫై చేసి జీపీఏ లెక్క కట్టదు, ఎస్వీ యూనివర్సిటీ అయినా ఇంకోటైనా అంతే. చాలా స్కూళ్ళు అమెరికాలోనో కెనడాలోనో డిగ్రీ కోర్సులు చేసి ఉండాలంటాయి, కొన్నైతే 90 క్రెడిట్లు అడుగుతాయి, ఈ మాస్టర్స్ మొత్తం కలిపినా 30 చిల్లర ఉంటుంది. ఏ స్కూలు ఎవర్ని తీసుకుంటుందో ఎంసార్ అని మెడికల్ కాలేజీల సంఘం వాళ్ళదే ఒక డేటాబేస్ ఉంది, కొంచెం డబ్బు కడితే అన్నీ కనపడతాయి, ఆ అంకుల్ ముందే కూర్చుని నా లాగిన్‌తో ఒక్కో స్కూలూ తెరిచి చూపించినా. ఆఫర్ లెటర్ నిజమైందే, కోర్సు కూడా మంచిదే, కానీ ఆ అబ్బాయికి దాని తర్వాత మెట్టు లేదు, కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పకుండా వదిలేసింది ఆ ఒక్క మాటే.

అమెరికాలోనే పెరిగిన మన పిల్లలకి కూడా ఇదే ముప్పు ఇంకో రూపంలో ఉంది. హెచ్-4 మీద, అంటే అమ్మానాన్నల ఉద్యోగ వీసా వెంట వచ్చే వీసా మీద ఉన్న పిల్లలకి 21 నిండితే ఆ వీసా పోతుంది, ఎఫ్-1కి మారాలి, అప్పుడు పదేళ్ళు అక్కడ చదివినా మెడికల్ స్కూల్ దృష్టిలో ఇంటర్నేషనల్ స్టూడెంటే. మాకు గ్రీన్ కార్డు నాకు 20 ఏళ్ళప్పుడు వచ్చింది, నాతో చదివిన ఒకమ్మాయికి రాలేదు, నాకంటే మంచి మార్కులు ఆ అమ్మాయివి. పిల్లలు ప్రీమెడ్, అంటే డిగ్రీ అయినాక మెడికల్ స్కూల్‌కి పోతాం అంటుంటే అమ్మానాన్నలు హైస్కూల్లోనే ఈ తేదీ లెక్క పెట్టుకోండి. ఇంకొక మాట, ఇండియాలో ఎంబీబీఎస్ చేసినవాళ్ళకి ఈ కోర్సు అక్కర్లేదు, వాళ్ళ దారి యూఎస్‌ఎంఎల్‌ఈ అనే అక్కడి డాక్టర్ లైసెన్స్ పరీక్ష రాసి రెసిడెన్సీకి, అంటే హాస్పిటల్లో ట్రైనింగ్‌కి పోవడం, అది వేరే.

సరే, దారి ఉంది అనుకుందాం, ఇప్పుడు ఏం చెడిపోయిందో చూడాలి. డిగ్రీ జీపీఏ 3.0 నుంచి 3.4 మధ్యలో ఉండి, ఎంక్యాట్ బాగుంటే ఈ కోర్సు మీకోసమే. జీపీఏ 3.6 ఉండి ఎంక్యాట్ తగ్గితే ఇది చేయొద్దు, ఆ డబ్బు, ఆ ఏడాది ఎంక్యాట్ మీద పెట్టండి. ఎంక్యాట్ మార్కులు 472 నుంచి 528 దాకా ఉంటాయి, ఎండీ సీటు వచ్చినవాళ్ళ సగటు 511 పైనే, జీపీఏ సగటు 3.7 పైనే, దీన్ని బట్టి మీరు యాడ ఉన్నారో చూసుకోండి. రెండూ బాగుండి హాస్పిటల్ అనుభవం లేకపోతే మాస్టర్స్‌తో అది రాదు, స్క్రైబ్‌గానో (డాక్టర్ పక్కన నోట్స్ రాసే పని) ఈఎంటీగానో (అంబులెన్స్ పని) ఏడాది పనిచేయాలి. జీపీఏ 3.0 కంటే తక్కువైతే మాత్రం చాలామంది తప్పు చేస్తారు. మాస్టర్స్ మార్కులు డిగ్రీ జీపీఏలో కలవవు, ఏఎంక్యాస్ వాటిని గ్రాడ్యుయేట్ అని వేరే గీతలో చూపిస్తుంది, మాస్టర్స్‌లో 4.0 తెచ్చినా డిగ్రీలో వచ్చిన 2.8 అట్లనే ఉంటుంది, కొన్ని స్కూళ్ళు ఆ నంబర్ చూసి మనిషి చదవకముందే పక్కన పెట్టేస్తాయి. అట్లాంటివాళ్ళు ముందు పోస్ట్‌బ్యాక్ (డిగ్రీ అయినాక మళ్ళీ చేసే డిగ్రీ కోర్సులు) కింద డిగ్రీ లెవెల్ సైన్స్ కోర్సులు తీసుకుని ఆ నంబర్ లేపుకోవాలి. డీఓ (ఆస్టియోపతిక్ మెడిసిన్ డాక్టర్ డిగ్రీ) స్కూళ్ళని కూడా చూడండి, మన ఊర్లో ఆ పేరు ఎవరికీ తెలియదు గానీ అక్కడ డీఓ కూడా పూర్తి డాక్టరే, 2020 నుంచి ఎండీ, డీఓ ఇద్దరికీ రెసిడెన్సీ గుర్తింపు ఒకే వ్యవస్థ కింద ఉంది.

డబ్బు సంగతి దాచకుండా చెప్పాలి. ట్యూషనే 30 వేల డాలర్ల నుంచి 60 వేల దాకా, రూమూ తిండీ దాని పైన. 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్ళకి గ్రాడ్ ప్లస్ అనే ప్రభుత్వ లోన్ ఆగిపోయింది, మామూలు గ్రాడ్యుయేట్ స్టూడెంట్‌కి ఫెడరల్ లోన్ ఏడాదికి 20,500 డాలర్లే, మిగతాది చేతి నుంచో ప్రైవేట్ లోన్ నుంచో రావాలి. మెడికల్ స్కూల్ అప్పు ఇంకా ముందుంది, అది మర్చిపోవద్దు. అందుకే ఊరు మారకుండా ఇంటి నుంచి పోగలిగే ప్రోగ్రామ్ ఉంటే దాన్ని మొదట చూడండి, పేరు చిన్నదైనా పర్లేదు.

ప్రోగ్రామ్ వాళ్ళకి ఫోన్ చేసి అడగాల్సినవి అడగండి, మొహమాటం వద్దు. మెడికల్ స్టూడెంట్లతో కలిపి పరీక్ష పెడతారా, వాళ్ళతో పోల్చి గ్రేడ్ ఇస్తారా? మీ మెడికల్ స్కూల్లో ఇంత జీపీఏ, ఇంత ఎంక్యాట్ ఉంటే ఇంటర్వ్యూ ఖాయం అనే రూలు రాతపూర్వకంగా ఉందా? కమిటీ లెటర్, అంటే కాలేజీ తరఫున అందరూ కలిసి రాసే సిఫారసు లెటర్, ఇస్తారా? అన్నిటికంటే ముఖ్యం, "మా వాళ్ళలో చాలామందికి సీట్లు వచ్చాయి" అంటే ఎంతమంది చేరితే ఎంతమందికి, ఎండీ ఎంత, డీఓ ఎంత, మధ్యలో మానేసినవాళ్ళని లెక్కలో వేసినారా అని అడగండి. నేను అడిగిన ఐదు చోట్లలో ఇద్దరే సూటిగా చెప్పినారు, ఆ ఇద్దరికే అప్లై చేసినా.

అప్లికేషన్ పెద్ద కష్టం కాదు, కొన్ని పోస్ట్‌బ్యాక్‌క్యాస్ అనే ఉమ్మడి పోర్టల్లో, కొన్ని వాళ్ళ సొంత సైట్లో. ట్రాన్స్‌క్రిప్టులు, రెండు మూడు లెటర్లు, ఎంక్యాట్, ఒక వ్యాసం. ఎక్కువ చోట్ల రోలింగ్ పద్ధతి, వచ్చింది వచ్చినట్టు చూసి సీట్లు ఇచ్చేస్తారు కాబట్టి ఏప్రిల్ దాకా కూర్చోకుండా చలికాలంలోనే పంపేయండి.

వ్యాసం దగ్గర కొంచెం ఆగుతా. నా మొదటి డ్రాఫ్ట్ "చిన్నప్పటి నుంచి డాక్టర్ కావాలని నా కల" అని మొదలైంది, చదివిన ప్రొఫెసర్ ఆ పేరా మొత్తం కొట్టేసి, ఆర్గానిక్ కెమిస్ట్రీలో సి ఎందుకు వచ్చిందో రాయి అన్నారు. నేను దాన్ని దాచాలని చూసినా, ఆమె దాన్నే ముందుకు తెమ్మన్నారు. చివరికి మూడు వాక్యాల్లో రాసినా: రోజూ రెండు గంటలు బస్సులో పోయి వస్తా, వారానికి 25 గంటలు పని చేస్తా ఆ కోర్సు తీసుకున్నా, సాయం అడగడం చేతకాలేదు, తర్వాతి ఏడాది పని గంటలు తగ్గించుకుని ట్యూటరింగ్‌కి పోయినా, ఆఖరి మూడు సెమిస్టర్లలో సైన్స్ గ్రేడ్లు ఇవి. ఏం జరిగింది, ఏం మార్చుకున్నా, రుజువేంటి, అంతే చాలు, కష్టాల కథ పేజీ నిండా అక్కర్లేదు.

సెలవులకి ఊరికి వచ్చే పిల్లలు ఇక్కడ చేసినవి కూడా రాసుకోవచ్చు. శ్రీవారి సేవకి వచ్చి అన్నప్రసాదం దగ్గరో క్యూ కాంప్లెక్స్‌లోనో పని చేసి ఉంటే అది నిజమైన సేవ, నాన్‌క్లినికల్ కింద రాయండి, ఎన్ని గంటలు, ఏం చేసినారు అని. రుయాలోనో స్విమ్స్‌లోనో తెలిసిన డాక్టర్ పక్కన నిలబడి చూసి ఉంటే చూసినాం అని రాయండి. అంతేగానీ ఊర్లో అడిగేవాళ్ళు లేరు కదా అని ఇంజెక్షన్ వేయడం, కుట్లు వేయడం చేయొద్దు, ట్రైనింగ్ లేకుండా పేషెంట్ మీద చేయి వేసినట్టు రాస్తే అక్కడ ఇంటర్వ్యూలో గొప్ప అనుకోరు, ఫైలు మూసేస్తారు, అంతకంటే ముందు ఆ పేషెంట్‌కి అన్యాయం.

ఇక చేరినాక. ఎంక్యాట్ ముందే అయిపోయి ఉండాలి, ఈ ఏడాదిలో దాన్ని పెట్టుకోవద్దు, రీసెర్చ్ కూడా రెండో సెమిస్టర్‌కి వదిలేయండి. ఎందుకంటే మొదటి బ్లాక్ (కొన్ని వారాల పాఠాల ముక్క) పరీక్ష మూడు నాలుగు వారాల్లోనే వచ్చేస్తుంది, ఇక్కడ మార్కులు పోతే డిగ్రీ జీపీఏ కంటే పెద్ద దెబ్బ, డిగ్రీలో తప్పు చేసినాను, నేర్చుకున్నాను అని చెప్పుకోవచ్చు, దీని తర్వాత చెప్పుకోవడానికి మాట ఉండదు.

నాకు మొదటి ఫిజియాలజీ పరీక్షలో 71 వచ్చింది, క్లాస్ సగటు 79. చదవలేదా అంటే రాత్రి ఒంటిగంట దాకా చదివినా, స్లైడ్లు మూడుసార్లు తిరగేసి పచ్చ రంగు పూసి. ఆ ఆదివారం రాత్రి, ఇక్కడ సోమవారం తెల్లారి, అమ్మమ్మ వసారాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తా వీడియో కాల్లో ఉంది, ఏం చదువుతా ఉండావే అని అడిగితే గుండె గురించి చెప్పినా. కింద గది బిగుసుకుంటుంది, పై గదికీ దానికీ మధ్య తలుపు మూసుకుంటుంది అన్నా. ఎవరు మూస్తారే అనింది. ఎవరూ మూయరు, కింద ప్రెషర్ పైదానికంటే ఎక్కువైతే అదే మూసుకుంటుంది అన్నా. మరి బయటికి పోయే తలుపు? అదింకా తెరుచుకోలేదు అమ్మమ్మా. "రెండు తలుపులూ మూసేస్తే రక్తం యాడికి పోతుందే?" అనింది. నాకు నోట మాట రాలేదు. ఐసోవాల్యూమెట్రిక్ కాంట్రాక్షన్ అనే పేరు తెలుసు, గ్రాఫ్‌లో ఆ ముక్కకి రంగు వేసింది కూడా గుర్తుంది, కానీ దాని అర్థం తెలియదు. ఫోన్ పెట్టేసి తెల్ల కాగితం మీద గీసుకుంటా కూర్చున్నా: రక్తం యాడికీ పోదు, లోపల ప్రెషర్ మాత్రం పెరుగుతా పోతుంది, బయట అయోర్టాలో (గుండె నుంచి బయటికి పోయే పెద్ద రక్తనాళం) ఉన్న 80 చిల్లర ప్రెషర్ దాటినప్పుడే ఆ తలుపు తెరుచుకుంటుంది. ఆ రోజు నుంచి స్లైడ్లు మళ్ళీ మళ్ళీ చదవడం మానేసినా. క్లాస్ అయిన రోజే పుస్తకం మూసి తెల్ల కాగితం మీద మొత్తం గీయడం, రానిచోట మాత్రమే తెరిచి చూడడం, రోజూ పొద్దున అంకీ అనే యాప్‌లో ప్రశ్న-జవాబు కార్డులు, శనివారం ప్రాక్టీస్ ప్రశ్నలు, తప్పయినదానికి ఎందుకు తప్పయిందో ఒక నోట్‌బుక్‌లో ఒక లైను. రెండో పరీక్షలో 88 వచ్చింది.

ఆఫీస్ అవర్స్‌కి, అంటే డౌట్లు అడగడానికి ప్రొఫెసర్ కేటాయించిన టైంకి పోండి, మన పిల్లలు సార్‌ని అడిగితే ఏమనుకుంటారో అని వెనక్కి తగ్గుతారు, తర్వాత లెటర్ రాయాల్సింది ఆయనే, ముఖం తెలియని వాళ్ళకి ఏం రాస్తారు. మొదటి బ్లాక్ మరీ దెబ్బతింటే కోర్సు వదిలేయడానికి ఆఖరి తేదీ ఎప్పుడో చూసుకుని డీన్‌ని ముందే కలవండి, సి గ్రేడ్లు పడేదాకా దాచుకోవద్దు. తిండికి ఆదివారం పప్పూ పులుసూ చేసి డబ్బాల్లో పెట్టుకుంటే వారం గడిచిపోతుంది, నిద్ర ఆరు గంటలకి తగ్గకూడదు.

మెడికల్ స్కూల్ అప్లికేషన్ ఎప్పుడు పెట్టాలనేది ఇంకొక పెద్ద ప్రశ్న. కోర్సు మొదలయ్యే ముందు జూన్‌లోనే పెడితే మాస్టర్స్ మార్కులు అందులో ఉండవు, కోర్సు అయినాక పెడితే ఒక ఏడాది ఖాళీ వస్తుంది. ఎంక్యాట్, లెటర్లు గట్టిగా ఉంటేనే మొదటిది, లేకపోతే ఆ ఏడాది ఆగడమే మంచిది. నేను జూన్‌లోనే 14 స్కూళ్ళకి పెట్టినా, డిసెంబర్ దాకా నాలుగు తిరస్కరణలు తప్ప ఏ కబురూ లేదు. జనవరిలో ఫాల్ గ్రేడ్లు పడిన రెండో రోజే ట్రాన్స్‌క్రిప్ట్ తెప్పించి, అప్‌డేట్లు తీసుకుంటామని చెప్పిన స్కూళ్ళకి మాత్రమే ఆరు వాక్యాల లెటర్ పంపినా: ఏ కోర్సులు, ఏ గ్రేడ్లు, మెడికల్ ఫస్టియర్‌తో కలిసి రాసిన పరీక్షలు ఏవి, ఇంకా మీ స్కూలే ఎందుకు కావాలి. ఫిబ్రవరి రెండో వారంలో ఒకచోట నుంచి ఇంటర్వ్యూకి పిలిచినారు, ఇప్పుడు చదువుతా ఉన్నది ఆ స్కూల్లోనే.