సీసీలో కొత్త పేరు చేర్చేముందు మెయిల్ అడుగుదాకా చదవండి

మొన్న మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి, ఈ దేశం వచ్చి మూడు వారాలు కూడా కాలేదు, ఇరవై మంది ఉన్న మెయిల్ చర్చలో పైన "ఓకే, నోటెడ్" అని ఒక్క ముక్క రాసి రిప్లై ఆల్ కొట్టాడు. అందులో నాలుగు ప్రశ్నలున్నాయి. దేనికి ఓకే అన్నాడో ఎవరికీ తెలియక ఇంకో పది మెయిళ్లు తిరిగాయి. సాయంత్రం వాడి ముఖం చూస్తే నా మొదటి నెలలు గుర్తొచ్చాయి.

టు, సీసీ సంగతులు మీకు తెలుసు, వదిలేస్తున్నా. మెయిల్‌లో నాలుగు ప్రశ్నలడిగితే జవాబులో ఆ నాలుగు వాక్యాలే ఉంచి, ఒక్కోదాని కింద జవాబు రాసి, మిగతాది తీసేయండి. 1995లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1855 అనే ఇంటర్నెట్ మర్యాదల పత్రం కూడా, సందర్భం తెలిసేంత మేరకే పాత మాటలు ఉంచమంటుంది. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నల్‌ని రాసేవాళ్ల దగ్గర పాత మెయిలంతా కింద వదిలేసి పైన జవాబు రాస్తే ఒప్పుకోరు, చాలా ఆఫీసుల్లో మాత్రం అదే అలవాటు. మీ చోట పాతవాళ్లు ఎలా రాస్తున్నారో ఓ వారం చూసి అలాగే రాయండి, దీని మీద వాదన పెట్టుకోకండి. "టెస్టింగ్ పూర్తయితే విడుదల చేద్దాం" అని ఒకరు రాస్తే "విడుదల చేద్దాం" ఒక్కటే ఉంచడం మాత్రం ఎక్కడైనా తప్పే.

ఇక నా భయమంతా కింద వేలాడే పాత మెయిళ్ల గురించి. వచ్చిన రెండో నెలలో ఇంకో టీమ్ ఆయన్ని ఒక చిన్న విషయం అడగాల్సి వచ్చి, నడుస్తున్న చర్చలోనే ఆయన్ని సీసీలో చేర్చేశాను. తొమ్మిది మెయిళ్ల అడుగున మా సీనియర్ ఒకావిడ ఆయన పనితీరు గురించి సూటిగా రాసిన మాటలున్నాయి. ఆయన చదివారు. ఆవిడ నన్నేమీ అనలేదు, కానీ నాకు మెయిల్ రాయడం మానేసి, ఏదున్నా నా సీటు దగ్గరికొచ్చి చెప్పి వెళ్లేవారు. తిట్టినా బాగుండేది. జీమెయిల్‌లో పాత మెయిళ్లు మూడు చుక్కల వెనక దాగుంటాయి, కనబడట్లేదు కదా అని లేవనుకోకండి, నొక్కి అడుగుదాకా చదవండి. ఏమాత్రం అనుమానమున్నా కొత్త మెయిల్ తెరిచి, కావలసిన రెండు వాక్యాలు మీరే రాయండి. మీ ఒక్కరికే వచ్చిన మెయిల్‌ని పదిమందిలో పెట్టాలంటే రాసినవాళ్లని అడగాలి, ఇది కూడా చెప్పించుకుంటారా! మిమ్మల్ని బీసీసీలో, అంటే మిగతావాళ్లకు మీ పేరు కనబడకుండా, పెట్టిన మెయిల్‌కి రిప్లై ఆల్ కొడితే, పెట్టినవాళ్ల గుట్టు బయటపడుతుంది.

ఇంకొకటి, "ప్లీజ్ రివర్ట్" అనకండి. మనం జవాబివ్వమని అంటాం, ఇక్కడివాళ్లకు అది చేసిన మార్పు వెనక్కి తీసేయమన్నట్టు వినిపిస్తుంది.

సరే, ఇంత భయపెట్టాక ఇదీ చెప్పాలి. తప్పు జరిగితే వెంటనే ఒక్క వరుసలో సారీ చెప్పి పని చూసుకోండి, ఆ అబ్బాయి "నోటెడ్" గురించి వారం తిరక్కుండానే అందరూ మర్చిపోయారు. మా సీనియర్ కూడా కొన్ని నెలలకు మళ్లీ నాకు మెయిల్ రాశారు, నా ప్రశ్న ఒక్కటే ఉంచి, దాని కింద జవాబుతో.