తేలని రిపోర్టు మంచి రిపోర్టు కాదు: పెద్ద పరీక్షల వేళ జాగ్రత్తలు

మెడలో గడ్డకు సూది పరీక్ష చేయించారు. రిపోర్టులో ‘కణాలు చాలినన్ని రాలేదు, క్యాన్సర్ కణాలు కనిపించలేదు, మళ్లీ చేయాలి’ అని ఉంది. ఇంట్లోవాళ్ల కళ్లు మధ్య మాట దగ్గరే ఆగిపోయాయి. ఫైలు బీరువాలోకి వెళ్లింది. గడ్డ పెరిగి, గొంతు బొంగురుపోయాక మళ్లీ బయటికొచ్చింది. ఇలాంటి ఫైళ్లు ఒకటీ రెండూ కాదు.

సూదికి భయపడొద్దు, ధైర్యంగా ఉండండి లాంటివి అందరూ చెబుతారు. కొంపలు ముంచేది వేరు: తేలని పరీక్షను మంచి రిపోర్టుగా లెక్కవేసుకుని ఆగిపోవడం.

రిపోర్టు చదివేటప్పుడు

అంకె చూసి ఊహించకండి. మామోగ్రామ్‌లో (రొమ్ము ఎక్స్‌రే) బైరాడ్స్ అనే గ్రేడు 0 వస్తే ‘సున్నాయే కదా’ అని ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి పరీక్ష ఇంకా పూర్తి కాలేదని దాని అర్థం. మరికొన్ని ఫిల్ములో, అల్ట్రాసౌండో, పాత మామోగ్రామ్‌తో పోల్చడమో కావాలి. బాగున్నవి 1, 2. మూడు అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదు, కానీ 6 నెలలకు మళ్లీ చూపించుకోవాలి. 4, 5 వస్తే సాధారణంగా ముక్క తీసి చూస్తారు. థైరాయిడ్ సూది పరీక్షలో లెక్క వేరు. అక్కడ బెథెస్డా అనే గ్రేడు 1 అంటే నమూనా పనికిరాలేదని. మంచిది 2.

స్కానులో గడ్డ గట్టిగా అనుమానంగా ఉండి, బయాప్సీలో (ముక్క పరీక్ష) ఏమీ లేదని వస్తే పండగ చేసుకోకండి. సూది గడ్డ పక్కన దిగి ఉండొచ్చు. ‘ఈ రెండు రిపోర్టులకూ పొంతన కుదిరిందా?’ అని డాక్టరును నేరుగా అడగండి. కుదరకపోతే మళ్లీ ముక్క తీయాల్సి రావచ్చు. అది కూడా తేలని పరీక్షే.

మంచి రిపోర్టు వచ్చేదాకా ల్యాబులు మార్చడం ఇదే తప్పుకు ఇంకో ముఖం. మలంలో రక్తం పరీక్ష పాజిటివ్ వస్తే తర్వాతి మెట్టు కొలనోస్కోపీ, అంటే పెద్దపేగును లోపలి నుంచి కెమెరాతో చూడటం. మళ్లీ అదే మలం పరీక్ష కాదు. రక్తం రోజూ కారదు, రెండోసారి నెగెటివ్ రావడం పెద్ద విశేషమేమీ కాదు.

ముక్క తీసే ముందు

రక్తం పలచబడే మందుల గురించి ముందే చెప్పండి. గుండెలో స్టెంటు ఉన్నవాళ్లు సొంతంగా ఆపితే స్టెంటు మూసుకుపోవచ్చు.

లింఫ్ గడ్డలు వాచినప్పుడు కారణం తేలకుండా స్టెరాయిడ్ మొదలుపెట్టనివ్వకండి. లింఫోమా (లింఫ్ క్యాన్సర్) అయితే గడ్డ తాత్కాలికంగా కరిగి, ముక్కలో ఏమీ దొరక్కపోవచ్చు. ఊపిరి ఆడనంత అత్యవసరమైతే అది వేరే సంగతి.

ముక్క ఏ సీసాలో పడుతోందో అడగండి. బయాప్సీకి సాధారణంగా 10 శాతం ఫార్మలిన్, ముక్క పాడవకుండా ఉంచే ద్రవం. క్షయ కల్చర్‌కు మాత్రం ఫార్మలిన్ తగలకూడదు, సూక్ష్మక్రిములు చచ్చిపోతాయి. రెండు పరీక్షలూ కావాలంటే రెండు సీసాలు.

ఇక మిగతావి

పెట్ స్కాన్‌కు 24 గంటల ముందు నుంచి బరువు పనులు, వ్యాయామం వద్దు. ఒంట్లోకి ఎక్కించిన గ్లూకోజ్ లాంటి మందు ఎక్కడ చేరిందో ఈ స్కాన్ చూపిస్తుంది, అలసిన కండరాలే దాన్ని లాగేసుకుంటాయి. షుగరు 200 దాటితే చాలాచోట్ల వాయిదా వేస్తారు.

పెట్‌లో మెరిసిందల్లా క్యాన్సర్ కాదు, క్షయ కూడా మెరుస్తుంది. ముక్క పరీక్ష లేకుండా పేరు ఖాయం చేసుకోకండి.

పీఎస్‌ఏకు (ప్రోస్టేట్ రక్తపరీక్ష) ముందు, ప్రోస్టేట్ వాపుకో జుట్టు రాలడానికో ఇచ్చే ఫినాస్టెరైడ్ వాడుతుంటే చెప్పండి. నెలల తరబడి వాడితే అంకె దాదాపు సగానికి పడిపోతుంది, ఎక్కువ ఉన్నది మామూలుగా కనిపిస్తుంది.

సీఏ 125 అనే రక్తపరీక్ష ఒక్కటి చూసి అండాశయ క్యాన్సర్ అనుకోకండి. నెలసరిలోనూ, ఎండోమెట్రియోసిస్‌లోనూ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు) పెరుగుతుంది.

జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే చెప్పండి. కొన్ని థైరాయిడ్, ట్రోపోనిన్ (గుండెపోటును పట్టే రక్తపరీక్ష) పరీక్షల్ని తారుమారు చేస్తుంది.

ఎంఆర్‌ఐ గదిలోకి వెళ్లకముందే పేస్‌మేకర్, మెదడులో క్లిప్పు, కంట్లో ఇనుప రజను సంగతి చెప్పాలి. అడిగేదాకా ఆగొద్దు.

‘ఐహెచ్‌సీ (ముక్కకు ప్రత్యేక రంగులద్ది కణాల రకం తేల్చే పరీక్ష) చేయాలి’ అని రిపోర్టు చివర ఉంటే అది అసంపూర్ణ రిపోర్టు. తేలలేదు. పూర్తి చేయించండి.

రెండో అభిప్రాయానికి కాగితం చాలదు. స్లైడులు, పారాఫిన్ బ్లాకులు (ముక్కను మైనంలో దాచిన దిమ్మలు) తీసుకెళ్లండి. వాటి మీది నంబరూ రిపోర్టు నంబరూ ఒకటేనా చూసుకోండి.

ఫోను రాలేదంటే అంతా బాగున్నట్టు కాదు. మీరే చేయండి.

రిపోర్టు కోసం ఎదురుచూస్తున్నప్పుడు కాళ్లు చచ్చుబడినా, మూత్రం ఆగిపోయినా, ఊపిరి ఆడకపోయినా, రక్తం ఆగకపోయినా అదే గంటలో ఎమర్జెన్సీకి. అపాయింట్‌మెంట్ తేదీ చూడొద్దు.

నమూనా ఇచ్చిన రోజే మూడు సంగతులు రాయించుకోండి: రిపోర్టు ఎప్పుడొస్తుంది, ఎవరు చదివి చెబుతారు, తేలకపోతే తర్వాతి పరీక్ష ఏది. మూడోది ఎవరూ అడగరు. అడగండి.

రావాల్సిన రిపోర్టుల జాబితా చేతికి రాకుండా డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టకండి.