ఒక్కో గ్రూపులో టాప్ రికార్డు తీసే ఎస్‌క్యూఎల్ క్వెరీ

మిర్చి లాట్ల టేబుల్ ఒకటి ఉందనుకోండి. కాలమ్‌లు నాలుగు: లాట్_నం, రకం, ధర, తేదీ. ఒక్కో రకంలో ఎక్కువ ధర పలికిన లాట్ కావాలి. ధర ఒక్కటే చాలంటే గ్రూప్ బై రకం, మ్యాక్స్(ధర) పెడితే పనైపోతుంది. చిక్కంతా లాట్ నంబరు కూడా కావాలన్నప్పుడే.

సెలెక్ట్‌లో లాట్_నం చేర్చేస్తే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఎర్రర్ ఇస్తుంది, అదే నయం. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ అయితే 5.7.5 వెర్షన్‌కి ముందు డిఫాల్ట్‌గా కిక్కురుమనకుండా ఆ రకంలోని ఏదో ఒక లాట్ నంబరు తెచ్చి పెట్టేది. ధర ఒక లాట్‌ది, నంబరు ఇంకో లాట్‌ది! ఇలాంటి క్వెరీని ఆపే ఓన్లీ_ఫుల్_గ్రూప్_బై మోడ్ తీసేసిన సర్వర్లలో ఇప్పటికీ ఇంతే.

సరైన దారి విండో ఫంక్షన్, అంటే వరుసలను కలిపేయకుండానే గ్రూపులో ఒక్కో వరుసకు లెక్క కట్టేది. మైఎస్‌క్యూఎల్‌లో 8.0 నుంచి ఉంది. కీవర్డులు ఇక్కడ తెలుగు లిపిలో రాశాం, ఎడిటర్‌లో ఇంగ్లీషులో కొట్టండి. డెస్క్ అంటే DESC, పెద్ద విలువ ముందు. టేబుల్ పేరు లాట్లు.

సెలెక్ట్ * ఫ్రమ్ (
  సెలెక్ట్ లాట్లు.*, రో_నంబర్() ఓవర్ (
    పార్టిషన్ బై రకం
    ఆర్డర్ బై ధర డెస్క్, లాట్_నం) యాజ్ స్థానం
  ఫ్రమ్ లాట్లు
) యాజ్ క
వేర్ స్థానం = 1

స్థానం = 1 అన్నది లోపలి వేర్‌లో పెడితే ఎర్రరే. వేర్ పనయ్యాకే విండో ఫంక్షన్ లెక్క మొదలవుతుంది. తేదీ ఫిల్టర్‌ది దీనికి తిరగేసిన కథ, అది లోపలే ఉండాలి. బయట పెడితే, మొత్తం మీద టాప్ లాట్ పోయిన నెలది అయిన రకం ఈ వారం జాబితాలోంచి మాయమైపోతుంది. ఎర్రర్ కూడా రాదు కాబట్టి పట్టుకోవడం కష్టం.

ఇక సమానమైన ధరలు. తేజ రకంలో 14, 17 లాట్లు రెండూ 18,500, లాట్ 11 ధర 18,000 అనుకుందాం. పై క్వెరీ 14నే ఇస్తుంది. ఆర్డర్ బై చివర లాట్_నం లేకపోతే ఇవాళ 14, రేపు 17 రావచ్చు. రెండూ కావాలంటే లాట్_నం తీసేసి ర్యాంక్() వాడండి. అది 1, 1, 3 ఇస్తుంది, డెన్స్_ర్యాంక్() అయితే 1, 1, 2. టాప్ మూడు లాట్లకు రో_నంబర్, టాప్ మూడు ధరలకు డెన్స్_ర్యాంక్.

ధర ఇంకా పడని లాట్‌లో నల్ (ఖాళీ విలువ) ఉంటుంది కదా, పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్‌లలో డెస్క్ పెడితే ఆ నల్లే మొదటికొస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో చివరికి పోతుంది. లోపలి వేర్‌లో ధర ఈజ్ నాట్ నల్ రాస్తే ఎక్కడైనా గొడవుండదు.

రకాలు ఇరవై, లాట్లు లక్షల్లో ఉంటే ఇదంతా నెమ్మదిస్తుంది. అప్పుడు (రకం, ధర, లాట్_నం) మీద ఇండెక్స్ (వెతుకులాటను వేగం చేసే సూచిక) వేసి, రకాల టేబుల్ నుంచి మొదలుపెట్టి, ఒక్కో రకానికి లోపలి క్వెరీని విడిగా నడిపే లేటరల్ జాయిన్‌లో ఆర్డర్ బై, లిమిట్ 1 పెట్టండి. ఇండెక్స్‌లోనూ ధరకు డెస్క్ ఇవ్వాలి. క్రాస్ జాయిన్ లేటరల్ వాడితే లాట్లే రాని రకాలు రాలిపోతాయి, అవీ కనిపించాలంటే లెఫ్ట్ జాయిన్ లేటరల్, చివర ఆన్ ట్రూ.