క్యాజువాలిటీ గేటు దగ్గర, 3వ పాఠం: నిమిషంలోపే రంగు కట్టడం

పోయిన పాఠంలో వార్డుల్లో మంచాలు ఎలా ఖాళీ చేయించాలో చూశాం, ఇప్పుడు గేటు దగ్గరికి వద్దాం.

పెద్ద ప్రమాదం జరిగితే చాలాసార్లు ఆస్పత్రికి ముందు చేరేది బాగా దెబ్బతిన్నవాళ్లు కాదు. నడవగలిగినవాళ్లు ఆటో ఎక్కో, ఎవరి బండి మీదో వచ్చేస్తారు, ఉన్న నాలుగు మంచాలూ వాళ్లతోనే నిండిపోతాయి, ఆ తర్వాత 108లో ప్రాణం మీదికొచ్చినవాళ్లు దిగేసరికి నేల తప్ప చోటుండదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి లీకైనప్పుడు, అదీ లాక్‌డౌన్ రోజుల్లో, వందల మందిని కేజీహెచ్‌కీ మిగతా ఆస్పత్రులకీ చేర్చాల్సి వచ్చింది. 12 మంది చనిపోయారు. అలాంటి రోజు మన గేటుకీ రావచ్చు.

అందుకే ఎవరిని ముందు చూడాలో రంగు పట్టీలతో తేల్చే స్టార్ట్ పద్ధతి నేర్చుకోండి. 1980లలో కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ బీచ్‌లో ఫైర్ సిబ్బంది, హోగ్ ఆస్పత్రి కలిసి తయారుచేసింది. ఎరుపంటే వెంటనే చూడాల్సినవాళ్లు, పసుపంటే కాసేపు ఆగగలిగినవాళ్లు, ఆకుపచ్చంటే చిన్న దెబ్బలవాళ్లు, నలుపంటే చనిపోయినవాళ్లు లేదా ఇక బతికే ఆశ లేనివాళ్లు.

ముందు గట్టిగా అరవండి: "నడవగలిగినవాళ్లంతా ఆ చెట్టు కిందికి వెళ్లండి!" వెళ్లినవాళ్లకి ఆకుపచ్చ. వాళ్లని అలా వదిలేయకుండా ఒక సిస్టర్‌ని అక్కడ పెట్టండి, గ్యాస్ పీల్చినవాళ్లు కాసేపయ్యాక కూడా కూలబడొచ్చు.

మిగిలినవాళ్లలో ఊపిరి చూడండి. లేకపోతే నోట్లో అడ్డం తీసి, దవడ ఎత్తి ఊపిరి దారి తెరవండి. అయినా రాకపోతే నలుపు, వస్తే ఎరుపు. ఊపిరి ముందే ఉంటే 30 సెకన్లు లెక్కపెట్టండి, 15 దాటితే ఎరుపు. దాటకపోతే మణికట్టు దగ్గర నాడి చూడండి, అందకపోతే ఎరుపు. అందితే "నా వేళ్లు గట్టిగా పట్టుకోండి" అనండి. పట్టుకోలేకపోతే ఎరుపు, పట్టుకుంటే పసుపు. ఈలోగా రక్తం ధారగా కారుతుంటే గుడ్డతో నొక్కిపెట్టించండి, అంతకు మించి ఏ వైద్యమూ అక్కడ మొదలుపెట్టొద్దు.

ఒక బస్సు ప్రమాదం రాత్రి చెయ్యి విరిగినాయన కేకలకి మేమంతా అటే పరుగెత్తాం. గోడకి ఆనుకుని ఒకావిడ చప్పుడు లేకుండా కూర్చుని ఉంది, పెదాలు తెల్లబడ్డాయి, చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది, నాడి అందలేదు. కడుపులో రక్తస్రావం. ఆవిడ దగ్గరికి ముందే వెళ్లాల్సిందని ఇప్పటికీ బాధపడతాను.

రేపు డ్యూటీలో పది మంది పేషంట్ల ఊపిరి గడియారం పెట్టుకుని లెక్కపెట్టండి, ఆ వేగం కంటికి అలవాటు కావాలి. ఈ అంకెలు చిన్నపిల్లలకి పనికిరావు, వాళ్ల లెక్క 4వ పాఠంలో.