బిల్డ్ పాసైంది, ప్యాకేజీ మాత్రం తేడాగా ఉంది: స్క్రిప్ట్‌లోని ఫిల్టర్లను పట్టుకోవడం ఎలా?

కోడ్ సరిగ్గానే ఉంది, బిల్డ్ కూడా పాసైంది. ప్యాకేజీ విప్పి చూస్తే ఒక ఫైల్ లేదు, లేదా సెట్టింగ్స్‌లో ఎవరూ ముట్టుకోని అంకె మారిపోయింది. ఇలాంటప్పుడు కంపైలర్‌ని అనుమానిస్తూ కూర్చుంటే టైమ్ వేస్ట్. ముందు బిల్డ్ స్క్రిప్ట్ తెరిచి గ్రెప్ (లైన్లను వెతికి వడకట్టే కమాండ్), సెడ్ (టెక్స్ట్‌ని వెతికి మార్చే కమాండ్) ఎక్కడెక్కడ వాడారో వెతకండి. రీడ్‌మీలో ఒక్క ముక్క రాయకుండా ఎవరో ఎప్పుడో పెట్టిన ఫిల్టర్ చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

సమస్య: ఫైళ్లు మాయం

కారణం: టెస్ట్ ఫైళ్లు ప్యాకేజీలోకి రాకూడదని, ప్యాక్ చేయాల్సిన ఫైళ్ల జాబితాలో ‘టెస్ట్’ అని ఉన్న లైన్లన్నీ గ్రెప్‌తో తీసేయించి ఉంటారు. గ్రెప్ చూసేది అక్షరాల వరుసే. ‘లేటెస్ట్’లోనూ టెస్ట్ ఉంది, ‘కాంటెస్ట్’లోనూ ఉంది. జాబితాలో పూర్తి పాత్‌లు (ఫోల్డర్ల పేర్లతో సహా ఫైల్ చిరునామాలు) ఉంటే ఇంకా ఘోరం. సర్వర్‌లో ప్రాజెక్ట్ ‘కాంటెస్ట్-యాప్’ అనే ఫోల్డర్‌లో ఉందంటే ఒక్క ఫైల్ కూడా మిగలదు. మీ ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్ పేరు వేరు కాబట్టి అక్కడ అంతా బాగానే కనిపిస్తుంది.

మరి బిల్డ్ ఎలా పాసైంది? ప్రతి కమాండ్ ముగిశాక ఒక అంకె ఇస్తుంది: 0 అంటే సక్సెస్, వేరే ఏదైనా అయితే ఫెయిల్. ఏ లైనూ మిగలనప్పుడు గ్రెప్ 1 ఇస్తుంది. కానీ మామూలుగా పైప్‌లో (ఒక కమాండ్ ఫలితాన్ని తర్వాతి దానికి అందించే వరుసలో) చివరి కమాండ్ ఇచ్చిందే లెక్క. ఫైళ్లను ఒకే ఆర్కైవ్‌గా కట్టే గ్నూ టార్‌కి ఖాళీ జాబితా ఫైల్ ఇస్తే గొడవ చేయకుండా ఖాళీ ఆర్కైవ్ కట్టి 0 ఇస్తుంది.

పరిష్కారం: పూర్తి పాత్‌లు కాకుండా ప్రాజెక్ట్ లోపలి పాత్‌లే ఇవ్వండి. ప్యాటర్న్ ముందు `^` (లైన్ మొదలు అని అర్థం), ఫోల్డర్ పేరు చివర `/` పెట్టండి. బాష్‌లో పైప్‌ఫెయిల్ (పైప్‌లో ఏ కమాండ్ ఫెయిలైనా మొత్తం ఫెయిల్ అనే సెట్టింగ్) ఆన్ చేస్తే పూర్తిగా ఖాళీ అయిన కేసు దొరుకుతుంది, ఒకటి రెండు ఫైళ్లు పోతే దొరకదు. గిట్ ఆర్కైవ్‌తో ప్యాక్ చేసేవాళ్లకు గిట్ ఆట్రిబ్యూట్స్ ఫైల్‌లో ‘ఎక్స్‌పోర్ట్ ఇగ్నోర్’ రాయడమే నా ఓటు. ఏది వదిలేస్తున్నామో అందరికీ కనిపిస్తుంది.

సమస్య: బఫర్ సైజ్ 10240 ఉండాల్సిన చోట 1.3.0

కారణం: వెర్షన్ పెంచడానికి సెడ్‌తో `1.2.0` తీసి `1.3.0` పెట్టారు. ప్యాటర్న్‌లో చుక్క అంటే ఏ అక్షరమైనా సరే. 10240లో 1, ఏదో ఒకటి, 2, ఏదో ఒకటి, 0 వరుసగా ఉన్నాయి కాబట్టి అదీ దొరికిపోయింది.

పరిష్కారం: `1\.2\.0` అని రాస్తే 10240 బతుకుతుంది. కానీ 11.2.0 అనే వేరే లైబ్రరీ వెర్షన్ 11.3.0 అయిపోతుంది. గ్నూ సెడ్‌లో `\<1\.2\.0\>` (పదం మొదలు, చివర గుర్తులతో) రాస్తే అదీ ఆగుతుంది. అయినా 1.2.0లోనే ఉన్న మరో లైబ్రరీని ఇది కాపాడలేదు. అందుకే అంకెను వెతకడం మానేసి, టెంప్లేట్‌లో `@వెర్షన్@` లాంటి గుర్తు పెట్టి దాన్నే మార్చండి.

ఇదే కుటుంబంలో ఇంకో రెండు

వెబ్ సర్వర్ ఎన్‌జినెక్స్ కాన్ఫిగ్‌ని ఎన్వ్‌సబ్‌స్ట్ (`$` పేర్ల చోట ఎన్విరాన్‌మెంట్ విలువలు నింపే కమాండ్) గుండా పంపితే `$హోస్ట్` లాంటి ఎన్‌జినెక్స్ సొంత వేరియబుల్స్ కూడా ఖాళీ అయిపోతాయి. మార్చాల్సిన పేర్లు మాత్రమే ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వండి. లైనక్స్‌లో జీసీసీ ప్రీప్రాసెసర్‌ని టెక్స్ట్ ఫైళ్లకు వాడితే చిన్న అక్షరాల ‘లైనక్స్’ అనే పదం 1గా మారుతుంది, ఎందుకంటే అది ముందే ఉన్న మాక్రో (కనిపించిన చోటల్లా వేరే విలువ పెట్టే పేరు). అలా మారకుండా ‘అన్‌డెఫ్’ ఆప్షన్ ఉంది. లైనక్స్ కెర్నల్ కూడా డివైస్ ట్రీ (హార్డ్‌వేర్ వివరాల) ఫైళ్లకు ఆ ఆప్షనే వాడుతుంది.

ఏ ఫిల్టర్ తప్పు చేసిందో తేలకపోతే, ప్రతి ఫిల్టర్‌కి ముందూ తర్వాతా వచ్చిన ఫలితాన్ని దాచి డిఫ్ తీయండి (రెండింటి మధ్య తేడాలు చూడండి). దొరికాక ఆ లైన్ పక్కనే ఎందుకు పెట్టారో కామెంట్ రాసి, ఎన్ని చోట్ల మార్పు జరిగిందో లెక్క తీయించండి. వెర్షన్ మారాల్సింది ఒకే చోట అయితే, లెక్క 1 కాకపోతే బిల్డ్ ఫెయిల్ అవ్వాలి.