అరకు బయల్దేరే ముందు సీటు సంగతి చూడండి

డిసెంబరు వచ్చిందంటే వైజాగ్‌లో కార్లన్నీ తెల్లారకముందే అరకు దారి పడతాయి. టైర్లలో గాలి చూస్తారు, డీజిల్ కొట్టిస్తారు. సీటు మాత్రం నిన్న బావగారు నడిపి ఎలా వదిలేశారో అలాగే ఉంటుంది. బీచ్ రోడ్డులో అదేం తెలీదు. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కాక, మలుపు మలుపుకీ క్లచ్ తొక్కుతూ అనంతగిరి చేరేసరికి నడుం చెబుతుంది.

నిరుడు నాకూ చెప్పింది. సీటు కాస్త వెనక్కి ఉండి, క్లచ్ చివరిదాకా తొక్కాలంటే నేనే ముందుకు జారాల్సి వచ్చేది. ఒక మలుపులో లారీకి దారిచ్చి మళ్లీ ఎక్కించబోతే బండి జానెడు వెనక్కి జారింది. వెనకాలే బస్సు! అలాంటప్పుడు నడుపుతూనే సీటు జరుపుకుందామనిపిస్తుంది. ఆ పని అస్సలు చేయొద్దు. సీటు ఒక్కసారిగా వెనక్కి పోతే కాలికి బ్రేకు అందదు.

ఇంటి దగ్గరే, ఘాట్‌లో ఏ చెప్పులతో నడుపుతారో వాటితోనే కూర్చుని చూసుకోండి. నడుం సీటు మూలకి ఆనాలి. క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. ఆటోమేటిక్ అయితే బ్రేకు గట్టిగా తొక్కి చూడండి. తర్వాత ముందుకీ వెనక్కీ ఊగితే సీటు లాకు పడిందో లేదో తెలుస్తుంది. వీపు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద వాలాలి. పడక్కుర్చీలో వాలినట్టు కూర్చునే వాళ్లకి ఇది నచ్చదు, కానీ హెయిర్‌పిన్ మలుపు తిప్పేటప్పుడు భుజం సీటుని వదలకూడదు. అలాగని స్టీరింగ్‌కి అతుక్కుపోవద్దు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవడానికి ఛాతీకీ స్టీరింగ్‌కీ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి. పొట్టిగా ఉన్నవాళ్లు సీటు ఎత్తు పెంచుకోవాలి.

హెడ్‌రెస్ట్ మెడ దగ్గర కాదు, తల పైభాగం ఎత్తులో ఉండాలి. అద్దాలు సీటు కుదిరాకే సరిచేసుకోండి. చలికి వేసుకున్న దళసరి జాకెట్ మీద బెల్టు వదులుగా నిలుస్తుంది, అందుకని జిప్పు తీసి లోపల్నుంచి పెట్టుకోండి. నడుం పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద పడాలి.

నీళ్ల సీసా సీటు కింద పెట్టొద్దు. ఘాట్ దిగేటప్పుడు అది దొర్లుకుంటూ బ్రేకు కిందకే వస్తుంది. బొంగు చికెన్ తిన్నాక తిరుగు ప్రయాణంలో బావగారు స్టీరింగ్ పట్టుకుంటే, ఇదంతా మళ్లీ మొదట్నుంచీ.