మార్చి 31 లోపు ఆరోగ్య సంస్థకు విరాళమిస్తున్నారా? ముందు ఇవి చూడండి

మార్చి రాగానే బెంగళూరులోని మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో విరాళాల మెసేజ్‌లు మొదలవుతాయి. పంపేముందు:

• రంగుల బ్రోషర్ కాదు, ఆడిట్ రిపోర్టు అడగండి. దానిమీద యూడీఐఎన్ ఉండాలి; అంటే అక్షరాలూ అంకెలూ కలిసి 18 ఉండే, ఆ పత్రానికి మాత్రమే ఇచ్చే గుర్తింపు సంఖ్య. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే సంతకం అసలుదో కాదో తేలుతుంది. ఇక్కడ మోసపోతే మిగతావి చూసి లాభం లేదు.

• "10,000 మందికి కంటి పరీక్షలు" అన్న చోట ఆగండి. అందులో ఎందరికి శుక్లం ఆపరేషన్ అవసరమైంది, ఎందరికి చేశారు, నెల తర్వాత మళ్లీ పిలిచి చూపు కొలిచారా? ఇన్ఫెక్షన్ వచ్చిన కేసులు కూడా రాసిన రిపోర్టునే నమ్మొచ్చు. ఒక్క వైఫల్యమూ లేదంటే లెక్క పెట్టలేదనే అనుకోవాలి.

• మూడేళ్ల రిపోర్టులు పక్కపక్కన పెట్టండి. కిందటేడు చెప్పిన డయాలసిస్ మిషన్లు ఈ ఏడు మాటైనా లేకుండా పోతే ఫోన్ చేసి అడగండి. జవాబు ఎలా ఇస్తారన్నదీ లెక్కే.

• విదేశీ నిధులు తీసుకునే సంస్థ అయితే ఏటా ఆ నిధుల లెక్కలు చూపే ఎఫ్‌సీ-4 రిటర్ను ప్రభుత్వానికి దాఖలు చేయాలి. సొంత రిపోర్టులోని అంకెలతో పోల్చండి.

• యూపీఐలో వ్యక్తి పేరు కనబడితే పంపకండి.

• 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి ఆదాయపు పన్నులో 80జి మినహాయింపు రాదు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లు ఆ మినహాయింపుకు కావాల్సిన విరాళ ధ్రువపత్రం, 10బీఈ సర్టిఫికెట్, ఎప్పుడిస్తారో ముందే అడగాలి.

• రోగుల ముఖాలు, పేర్లు, జబ్బులు బయటపెట్టారా? అనుమతి తీసుకున్నారో లేదో కనుక్కోండి. తీసుకోకపోతే అది పారదర్శకత కాదు, పేదవాళ్ల గుట్టు రట్టు చేయడం.